టీచరమ్మ ఇంట్లో నీలం వెలుతురు

ఉదయగిరిలో కొండ వైపు పోయే మిషన్ వీధి చివర ఒక పెంకుటిల్లు ఉండేది. ముందు తలుపుకి తుప్పు పట్టిన తాళం వేలాడుతూ ఉండేది. శనివారం రాత్రి పది దాటాక ఆ ఇంటి ముందు నుంచి పోవద్దని ఊళ్ళో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఊరికే చెప్పుకోవడం కాదు, నిజంగానే పోయేవాళ్ళు కాదు.

ఇది నేను కళ్ళారా చూసింది కాదు. ఆ వీధి మొదట్లో టీ కొట్టు పెట్టుకున్న మస్తానయ్య చెప్పగా విన్నది. మస్తానయ్య సగమే చూశాడు, మిగతా సగం జరిగేటప్పటికి పరుగులో ఉన్నాడు. ఆ సగం చెంచాలు చెక్కే మాల్యాద్రి దగ్గర రాబట్టాను. ఇద్దరిలో ఎవరు ఎంత కలిపారో మీరే తేల్చుకోండి.

సంగతి తొంభైతొమ్మిదిలో జరిగింది. ఆ ఇల్లు రెబెకమ్మ టీచరమ్మది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, ఆదివారం బళ్ళో పాటలు నేర్పి, ఊళ్ళో సగం మంది చెవులు మెలేసిన మనిషి. ఆమె పోయి అప్పటికి ఏడాదిన్నర. ఒక్కడే కొడుకు డేవిడ్‌రాజు, ఆత్మకూరు కాలేజీలో లెక్కల లెక్చరరు. భార్యాబిడ్డలతో కాపురం అక్కడే. ఇక్కడి ఇల్లు ఖాళీ.

ఖాళీ ఇల్లు ఖాళీగా పడి ఉంటే ఎవరికీ గొడవ లేదు. కానీ ఆ ఏడు ఫిబ్రవరి నుంచి శనివారం రాత్రుళ్ళు కిటికీ సందుల్లో వెలుతురు కనపడటం మొదలైంది. లాంతరు వెలుతురు కాదు, బల్బు వెలుతురూ కాదు... నీలంగా, వణుకుతూ ఉండేది. దాని వెంట ఒక ఆడమనిషి గొంతు. ఒక మాట వచ్చేది... ఆగేది... మళ్ళీ అదే మాట... మళ్ళీ ఆగేది.

శనివారమే ఎందుకు అని చర్చి వరండాలో ఆడవాళ్ళు చర్చ పెట్టారు. “ఆదివారం బడికి సిద్ధమవతా ఉండాది. బతికినన్నాళ్ళూ శనివారం రాత్రే గదా చీర ఇస్త్రీ చేసుకునింది” అని తేల్చేశారు. ఆ ఇంటి మీటరు తిరుగుతోందని లైన్‌మన్ వచ్చి చెప్పినా ఎవరికీ అనుమానం రాలేదు. ఇస్త్రీ పెట్టెకి కరెంటు కావాలి కదా.

ఇక మాల్యాద్రి. కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కడంలో వీధి మొత్తానికీ అతనిదే పైచేయి. పని చేసుకునే కొట్టం ఆ ఇంటికి అవతల ఉండేది. ఆదివారం తెల్లవారుజామున సరుకు తీసుకుపోయే వ్యాను వస్తుంది కాబట్టి శనివారం రాత్రి పొద్దుపోయే దాకా చెంచాలకు నునుపు పెట్టి, పదకొండు దాటాక ఇంటికి పోయేవాడు. వేరే దారి లేదు. టీచరమ్మ ఇంటి ముందు నుంచే పోవాలి.

గొంతు స్పష్టంగా వినపడిన మొదటి శనివారం అతను సగం వీధి దాటాడు. వెలుతురు చూశాడు. చూడనట్టు నడిచాడు. సరిగ్గా గేటు ముందుకు వచ్చేసరికి—

“మాల్యాద్రీ...”

ఆగాడు. గుండె ఆగలేదు గానీ ఆగినంత పని అయింది.

“మాల్యాద్రీ... మాల్యాద్రీ... మాల్యాద్రీ...”

అది టీచరమ్మ గొంతే. ఒకే తీరున, ఒకే ఎత్తున, ఊపిరి తీసుకోకుండా పిలుస్తోంది. బతికిన మనిషి ఎవరైనా నాలుగోసారి పిలిచేటప్పుడు గొంతు పెంచుతారు, లేదంటే విసుక్కుంటారు. ఈ గొంతుకు విసుగు లేదు.

మాల్యాద్రి ఇంటికి ఎట్లా చేరాడో అతనికే తెలియదు. ఒక చెప్పు తెల్లారి మస్తానయ్య కొట్టు ముందు దొరికింది.

మస్తానయ్య నవ్వాడు. “ఊళ్ళో ఇంతమంది ఉండంగా నిన్నే ఎందుకు పిలస్తాదిరా?” అన్నాడు. ఎందుకు పిలుస్తుందో మాల్యాద్రికి తెలుసు.

ఆరేళ్ళ కిందట టీచరమ్మ కంటి ఆపరేషన్‌కి నెల్లూరు పోయి పది రోజులు అక్కడే ఉంది. ఆమె పెరట్లో నర్ది చెట్టు ఒకటి ఉండేది. పోయిన మొగుడు నాటింది. సాయంత్రాలు ఆమె దాని కిందే కుర్చీ వేసుకునేది. చెంచాలకు ఆ కొయ్య బంగారం. మాల్యాద్రి ఎన్నాళ్ళ నుంచో దాని మీద కన్నేసి ఉన్నాడు. ఆ పది రోజుల్లో ఒక రాత్రి రంపం పట్టుకుని పోయాడు. ఆమె కళ్ళకు గంతలు విప్పించుకుని తిరిగి వచ్చేసరికి పెరట్లో మొద్దు మిగిలింది. “గాలికి పడిపోయినాదమ్మా” అని చెప్పాడు. ఆమె మొద్దుని చూసి, అతన్ని చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సంగతి మళ్ళీ ఎత్తకుండానే చచ్చిపోయింది. ఇప్పుడు ఎత్తింది.

రెండో శనివారం మాల్యాద్రి ఒంటరిగా పోలేదు. టీ అయిపోయిన గ్లాసులు కడుక్కుంటున్న మస్తానయ్యను రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. ఇద్దరూ గేటు పక్క గోడకు ఆనుకుని నిలబడ్డారు. లోపల నీలం వెలుతురు కదిలింది. ఎక్కడో గరగరమని చప్పుడు... ఏదో తిరుగుతున్నట్టు... ఆగి, మళ్ళీ తిరుగుతున్నట్టు...

“మాల్యాద్రీ... నా చెట్టు...”

మస్తానయ్య చేతిలో గ్లాసు ఇంకా ఉంది.

“నా చెట్టు... నా చెట్టు... నా చెట్టు...”

గ్లాసు కిందపడ్డ చప్పుడు మాల్యాద్రి విన్నాడు. పక్కకు తిరిగి చూస్తే మస్తానయ్య లేడు. మస్తానయ్య చూసిన సగం ఇంతే.

ఆ వారం మాల్యాద్రికి పని సాగలేదు. చెంచా గుంట తవ్వబోతే అడుగు పగిలింది. రాత్రి కన్ను మూస్తే ఆ మాటే. ‘నా చెట్టు’ తర్వాత ఆమె ఏమంటుంది? తిడుతుందా, శపిస్తుందా, పోనీలే అంటుందా? ఆ ఒక్కటి తెలిస్తే చాలు, తిట్టినా సరే నిద్రపోగలను అనుకున్నాడు. తెలియకుండా మాత్రం బతకలేననిపించింది.

మూడో శనివారం అతను ఒక నర్ది మొక్క సంపాదించాడు. పాత మొద్దు పక్కనే నాటి, చేతులు జోడించి, ఒప్పేసుకుందామని. పదకొండున్నరకు మొక్క చంకలో పెట్టుకుని, గునపం భుజాన వేసుకుని పెరటి గోడ ఎక్కాడు. లోపల గొంతు అదే పాటలో ఉంది. నా చెట్టు... నా చెట్టు...

గునపం మొదటి పోటు రాతికి తగిలి ఠంగుమంది.

లోపల గొంతు ఠక్కున ఆగిపోయింది.

వెనక తలుపు కిర్రుమని తెరుచుకుంది. గుమ్మంలో తెల్లగా ఒక ఆకారం నిలబడి ఉంది. వెనక నీలం వెలుతురు, ముఖం చీకట్లో.

మాల్యాద్రి కళ్ళు గట్టిగా మూసుకుని మొక్కను ముందుకు చాపాడు. “నేనే టీచరమ్మా... మాల్యాద్రిని... గాలికి పళ్ళేదమ్మా, నేనే కోసినాను... ఇదిగో, ఇంకోటి తెచ్చినాను...”

ఆ ఆకారం మగ గొంతుతో పలికింది.

“మాల్యాద్రన్నా, ముందు ఆ గునపం కింద పెట్టు. నేను డేవిడ్‌ని.”

మాల్యాద్రి ఒక కన్ను తెరిచాడు. తెల్ల బనీను, తెల్ల లుంగీ, కళ్ళజోడు. టీచరమ్మ కొడుకే. గోడ దూకిన దొంగ అనుకుని అతనూ సగం చచ్చి ఉన్నాడు.

లోపలికి పోయి మంచినీళ్ళు తాగాక ఇద్దరికీ మాట వచ్చింది. బల్ల మీద ఒక కంప్యూటరు ఉంది. దాని తెరదే ఆ నీలం వెలుతురు. ఆత్మకూరులో రెండు గదుల ఇల్లు, బిడ్డ జెస్సికాకి పదో తరగతి పరీక్షలు. రాత్రంతా ఈ పెట్టె గరగరమంటూ ఉంటే పిల్ల చదివేదెట్లా అని భార్య కరుణశ్రీ దాన్ని గడప దాటించింది. అందుకని దాన్ని ఇక్కడికి చేర్చి, శనివారం ఆఖరి బస్సులో ఉదయగిరి వచ్చి, ముందు తలుపు తాళంచెవి ఎప్పుడో పోయింది కాబట్టి పెరటి వైపు నుంచి లోపలికి దూరి, తెల్లవారుజామున అదే బస్సులో తిరిగి పోయేవాడు. ఆదివారం ఆత్మకూరు చర్చిలో పాటల బృందం నడిపేది అతనే. రాత్రి ఊళ్ళోనే పడుకునే ఆ బస్సు కండక్టర్ని అడిగితే అంతా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

“మరి టీచరమ్మ గొంతు?” అన్నాడు మాల్యాద్రి.

డేవిడ్‌రాజు మెరిసే సీడీ ఒకటి చూపించాడు. వింజమూరులో మూడేళ్ళ కిందట జరిగిన వాళ్ళ బంధువుల పెళ్ళి వీడియో. క్యాసెట్టుకి బూజు పడితే నెల్లూరులో సీడీకి ఎక్కించారు. ఆ పెళ్ళికి మాల్యాద్రి కూడా పోయాడు. మూడు గంటల పెళ్ళిలో టీచరమ్మ కనపడేది భోజనాల బంతి దగ్గర, ఒక్క నిమిషం. ఆమె మాట ఉన్నది ఈ లోకంలో ఆ నిమిషంలోనే.

“అమ్మ గొంతు మర్చిపోతా ఉండానన్నా” అన్నాడు డేవిడ్‌రాజు. “పాట పాడేటప్పుడు ఎట్లా ఉండేదో గుర్తుకు రావడంలా. ఆ నిమిషం ఒక్కసారి ఆగకుండా వినాలని మూడు నెలల నుంచి చస్తా ఉండాను.”

“అద్దె ప్లేయరు తెచ్చుకుంటే పోలా?”

“తెచ్చినాను. సరిగ్గా అమ్మ దగ్గరే సీడీ మీద గీత ఉండాది. ప్లేయరు అక్కడికి రాంగానే సీడీని బయటికి తోసేసింది. ఇదొక్కటే ఎట్లానో పట్టుకుంటా ఉండాది. కానీ నత్తి.”

ఆ నత్తి వెనక ఇంకో కథ ఉంది. అందరూ వాడే సాఫ్ట్‌వేరు దొంగ కాపీ తెచ్చుకుంటే సీడీలు కాస్త బాగానే ఆడేవి. డేవిడ్‌రాజు ఒప్పుకోలేదు. కాపీ కొట్టడం దొంగతనమే, పది ఆజ్ఞలు పిల్లలకు నేర్పిన తల్లి గొంతుని దొంగ సొత్తులో వింటానా అన్నాడు. కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన లైనక్స్ వేసుకున్నాడు. అది ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. అందువల్ల పాడైతే బాగుచేసుకోవాల్సిందీ మనమే. చెట్టు కోసిన మాల్యాద్రి ఇది వింటూ నేల చూపులు చూశాడు.

“ఇంతకీ ఆ చెట్టు నువ్వే కోసినావా అన్నా?” అన్నాడు డేవిడ్‌రాజు.

మాల్యాద్రి తల ఊపాడు. కోప్పడతాడనుకున్నాడు. డేవిడ్‌రాజు కోప్పడలేదు. తెర వైపు చూసి, మెల్లగా అన్నాడు. “అయితే అమ్మ నీతో అదే చెప్పబోతా ఉండాది. ‘నా చెట్టు’ అన్న తర్వాత ముందుకు పోవడంలా.”

“ఏమన్నాదో నాకు తెలియాల డేవిడూ” అన్నాడు మాల్యాద్రి. “ఆ బంతిలో నేను ఆమెకు ఎదురుగానే కూచుని ఉండాను. ఏదో అన్నాది. నాకు వినపళ్ళా.”

అప్పుడు డేవిడ్‌రాజు కుర్చీకి వేసిన చొక్కా జేబులో నుంచి ఒక కాయితం తీశాడు. నెల్లూరు నెట్ సెంటర్లో తీయించుకున్న ప్రింటు. లైనక్స్ వాళ్ళకు ఉత్తరం రాస్తే ఎక్కడి వాడో, పేరు కూడా సరిగా తెలియని వాడు, జవాబు పంపాడు. సీడీ తిప్పే డ్రైవు చదివిన ప్రతి ముక్కనీ ఇప్పుడు కంప్యూటరు మెదడు తన చేత్తో మోసి లోపల పెడుతోంది. ఒక పక్క మోస్తూ, ఇంకో పక్క బొమ్మ చూపించలేక చతికిలబడుతోంది. మోయక్కర్లేకుండా నేరుగా పంపే దారి ఉంది. డీఎంఏ అంటారు. జాగ్రత్త కోసం దాన్ని మూసి ఉంచుతారు. ఒక్క లైను కొడితే తెరుచుకుంటుంది.

“మరి కొట్టు.”

“కొన్ని డ్రైవులకు పడదంట. పెట్టె బిగుసుకుపోవచ్చు, లోపలున్నదంతా పోవచ్చు అని కూడా రాసినాడు. నా పాటలు, ప్రశ్నపత్రాలు, మూడు నెలల కష్టం... రెండు వారాల నుంచి జేబులో పెట్టుకుని తిరగతా ఉండాను.”

“నాకు పదిహేను రోజుల నుంచి నిద్ర లేదు” అన్నాడు మాల్యాద్రి. “పోతే పోనీ. కొట్టు.”

డేవిడ్‌రాజు కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేశాడు. కాయితం చూసి ఒక్కో అక్షరం కొట్టాడు. వేలు మీట మీద ఆగింది... నొక్కాడు.

ఏమీ కాలేదు. పెట్టె బిగుసుకోలేదు. ఒక చిన్న లైను వచ్చి కూర్చుంది, ఒప్పుకున్నాను అన్నట్టు.

సీడీ వేశాడు. డ్రైవు గరగరమనలేదు. సన్నగా, నిదానంగా తిరిగింది. పందిరి కదిలింది. విస్తళ్ళు, వడ్డించే వాళ్ళ చేతులు, పరిగెత్తే పిల్లలు... ఎక్కడా ఆగడం లేదు. నీళ్ళు పారినట్టు పోతోంది. డేవిడ్‌రాజు కుర్చీ అంచు పట్టుకున్నాడు. మాల్యాద్రి తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నీలం అంచు తెల్ల చీరలో టీచరమ్మ వచ్చింది. కళ్ళజోడు సర్దుకుంది. ముందుకు వంగింది.

“మాల్యాద్రీ... నా చెట్టు—”

కరెంటు పోయింది.

తెర, బల్బు, వీధి దీపం అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ చీకట్లోనే, వాళ్ళకు రెండు మూరల దూరంలో, మాట పూర్తయింది.

“—మొత్తానికీ నాకొచ్చింది ఒక్క గరిటేనా రా? మిగతాయి ఎప్పుడిస్తావు?”

తర్వాత చిన్న నవ్వు. బెత్తం దాచిపెట్టి నవ్వే టీచర్ల నవ్వు.

డేవిడ్‌రాజు చీకట్లో ఏడ్చాడు. గొంతు అదే, మూడు నెలలుగా వెతుకుతున్నదే. ఆగలేదు, తడబడలేదు. మాల్యాద్రి కూడా ఏడ్చాడు, నవ్వాడు కూడా. ఇక దాచేది ఏముంది? ఆ చెట్టు కొయ్యతోనే ఒక గరిటె చెక్కి, బాగా నునుపు పెట్టి, పండక్కి టీచరమ్మకే కానుకగా ఇచ్చానని ఒప్పుకున్నాడు. ఆమె చేతిలో పెట్టగానే కొయ్య గుర్తుపట్టి ఉంటుంది. పట్టి కూడా పల్లెత్తు మాట అనకుండా దాంతోనే పులుసు కలుపుకుంది.

“నీకు చెప్పడానికి సిగ్గేసింది డేవిడూ. చెట్టు కోసిందానికంటే అదే ఎక్కువ సిగ్గు.”

“అమ్మకు తెలుసన్నా. చూడు, నవ్వతానే అన్నాది” అన్నాడు డేవిడ్‌రాజు.

ఇద్దరికీ గుండె బరువు దిగిపోయింది. ఆ చీకట్లో చాలాసేపు ఆమె గురించే మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ఎవరి చెవి ఎన్నిసార్లు మెలేసిందో లెక్కలు తీశారు.

రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చింది. బల్బు వెలిగింది. కంప్యూటరు కుయ్‌మని మొదటి నుంచి లేచింది. తెర మీద ఏవో లైన్లు బారులు తీరాయి.

“ఏంది అది?” అన్నాడు మాల్యాద్రి.

“మధ్యలో ఆగిపోయింది గదా. ఏమన్నా పాడయినాదేమో అని తనే వెతుక్కుంటా ఉండాది.”

“ఎప్పుడు ఆగినాది?”

“కరెంటు పోయినప్పుడే. కరెంటు లేకుండా ఎట్లా—”

డేవిడ్‌రాజు మాట మింగేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తెరనే చూశారు.

వెతుకులాట అయ్యాక డేవిడ్‌రాజు మళ్ళీ ఆ లైను కొట్టాడు. పెట్టె ఆరితే అది మర్చిపోతుంది. వేళ్ళు మూడుసార్లు తప్పాయి. సీడీ వేశాడు. పందిరి, విస్తళ్ళు, పిల్లలు... టీచరమ్మ వచ్చింది, కళ్ళజోడు సర్దుకుంది, ముందుకు వంగింది.

“మాల్యాద్రీ... నా చెట్టు—”

అంతలో పెళ్ళి బ్యాండు వాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు. డ్రమ్ములు, బాకాలు, చెవులు పగిలే మోత. ఆమె పెదవులు కదిలాయి. నవ్వింది. ఎదురుగా కూర్చున్న మాల్యాద్రి, ఏమీ వినపడక, ఇంత నవ్వు ముఖంతో బుర్ర ఊపాడు. కెమెరా పక్క విస్తరికి పోయింది.

డేవిడ్‌రాజు సౌండు పెంచి మళ్ళీ వేశాడు. స్పీకరుకు చెవి ఆనించి మళ్ళీ వేశాడు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు. మొదటి నుంచి చివరి దాకా వినపడింది బ్యాండు మేళమే. దాని కింద ఆమె మాట లేదు.

“నాకు గరిటె సంగతి నువ్వు చెప్పే దాకా తెలియదన్నా, ఆ మాట మాత్రం ముందే విన్నాను” అన్నాడు గుసగుసగా.

మాల్యాద్రి లేచి తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. తెరలో తన ముఖం మరోసారి బుర్ర ఊపింది.

“నేను కొట్టానికి పోతా ఉండాను డేవిడూ” అన్నాడు, ఇంకా చిన్న గొంతుతో. “చూసినావు గదా... ఇస్తానని ఒప్పుకున్నాను.”